కనిపించలేదని రాయడం కూడా పరిశీలనే

1987 ఫిబ్రవరి 23 రాత్రి న్యూజిలాండ్‌లోని నెల్సన్‌లో ఆల్బర్ట్ జోన్స్ తనకు అలవాటైన పనే చేశాడు. మన పక్కనున్న చిన్న గెలాక్సీ, పెద్ద మెజెల్లానిక్ మేఘం వైపు టెలిస్కోప్ తిప్పి, అక్కడ తాను ఎన్నో ఏళ్లుగా చూస్తున్న చర నక్షత్రాల (వెలుగు మారుతూ ఉండేవాటి) ప్రకాశాన్ని అంచనా వేశాడు. అప్పుడు విశ్వ సమయం (ఖగోళ లెక్కలకు ప్రపంచమంతా వాడే ఉమ్మడి గడియారం, మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు) 9 గంటల 22 నిమిషాలు. మాగ్నిట్యూడ్ అంటే వెలుగును చెప్పే అంకె, అది ఎంత తక్కువైతే వెలుగు అంత ఎక్కువ. 7.5 మాగ్నిట్యూడ్‌ కన్నా ఎక్కువ వెలుగున్న కొత్త చుక్క ఏదీ ఆ చోట లేదు. ఆయన వృత్తి శాస్త్రవేత్త కాదు. పిండిమిల్లులో, కిరాణా కొట్టులో, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి బతికిన మనిషి. జీవితం మొత్తం మీద ఐదు లక్షలకు పైగా ప్రకాశ అంచనాలు రాశాడు.

ఆ రాత్రి ఆయన చూసిన చోటే సూపర్నోవా 1987ఎ, అంటే పేలిపోయిన ఒక నక్షత్రం, వెలిగింది. మర్నాడు చిలీలో ఇయాన్ షెల్టన్, ఆస్కార్ దుహాల్డే దాన్ని చూశారు. జోన్స్ కూడా వాళ్లతో సంబంధం లేకుండా తనంతట తనే కనుక్కున్నాడు. తర్వాత పాత రికార్డులన్నీ తిరగేస్తే ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. 23వ తేదీ విశ్వ సమయం 7:35కి జపాన్‌లోని కమియోకా, అమెరికాలోని ఐఎంబీ, సోవియట్ యూనియన్‌లోని బక్సాన్ డిటెక్టర్లకు న్యూట్రినోలు, అంటే నక్షత్రం నడిబొడ్డు కూలినప్పుడు వెలువడే అతి సూక్ష్మ కణాలు, చిక్కాయి. అదే రోజు 10:40 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో రాబర్ట్ మెక్‌నాట్ తీసిన ఫొటోలో ఆ చుక్క దాదాపు 6వ మాగ్నిట్యూడ్‌తో ఉంది.

ఈ మూడు సమయాలూ పక్కపక్కన పెట్టి చూడండి. 7:35కి నక్షత్రం నడిబొడ్డు కూలింది. 9:22కి బయటికి ఇంకా పెద్దగా ఏమీ తెలియలేదు. 10:40కల్లా వెలిగింది. అంటే లోపల పుట్టిన ఆఘాత తరంగం (షాక్ వేవ్) పైకి రావడానికి మూడు గంటలు పట్టిందంతే. ఎర్ర మహాతారలు (ఉబ్బిపోయిన భారీ నక్షత్రాలు) మరీ పెద్దవి కాబట్టి వాటిలో అదే తరంగం ఉపరితలం చేరేసరికి ఒక రోజు దాకా పట్టొచ్చు. కాబట్టి పేలినది అంతకన్నా బాగా చిన్న నక్షత్రమై ఉండాలి. పాత పటాల్లో ఆ చోట ఉన్నది సాండులీక్ అనే ఖగోళ శాస్త్రవేత్త జాబితాలోని ఒక నీలి మహాతార, లెక్క దానికి సరిపోయింది. అప్పటిదాకా ఇలా పేలేవి ఎర్ర మహాతారలేనని అందరూ అనుకునేవాళ్లు. ఆ నమ్మకాన్ని కదిలించిన సాక్ష్యాల్లో ఒకటి, ఒక అమెచ్యూర్ తన నోటుబుక్కులో రాసిన "కనిపించలేదు".

సూపర్నోవా అనగానే మన దగ్గర వచ్చే వార్తలు ఒకటే రకంగా ఉంటాయి. ఎవరు కనుక్కున్నారు, ఎంత పెద్ద పేలుడు, భూమికి ప్రమాదమా కాదా. రెండో రోజుకి వార్త అయిపోతుంది. అసలు విషయం మొదలయ్యేదే అప్పుడు. ఆ వెలుగు ఏ రోజు ఎంత ఉందో, ఎంత వేగంగా పెరిగిందో, ఎక్కడ నిలబడిందో, ఎప్పుడు జారిందో చెప్పే లైట్ కర్వ్‌లోనే ఆ నక్షత్రం జాతకమంతా ఉంటుంది. దాన్ని గీయడానికి కావలసింది ఓపిగ్గా రోజూ కొలిచేవాళ్లు. మన కాలేజీలు, ఖగోళ క్లబ్బులు పిల్లలకు ఈ పని నేర్పడం లేదన్నది నా బాధ. నేర్పితీరాలన్నది నా వాదన.

2023లో నాకు ఈ సంగతి స్వయంగా అర్థమయ్యే అవకాశం దొరికింది. మే 19న జపాన్‌లో కోయిచి ఇటగాకి అనే అమెచ్యూర్, ఎం101 గెలాక్సీలో 14.9 మాగ్నిట్యూడ్ ఉన్న కొత్త చుక్కను పట్టుకున్నాడు. దానికి 2023ఐఎక్స్ఎఫ్ అని పేరు పెట్టారు. దూరం సుమారు 2 కోట్ల 10 లక్షల కాంతి సంవత్సరాలు. నక్షత్రాలు పేలే దూరాల లెక్కలో ఇది పక్కిల్లే. నడిబొడ్డు కూలి పేలే రకం ఇంత దగ్గరలో, ఇంత తొందరగా దొరకడం చాలా అరుదు. ఐదారు రోజుల్లోనే అది 11వ మాగ్నిట్యూడ్‌కి చేరింది. అంటే ఇటగాకి చూసినప్పటి కన్నా నలభై రెట్లు ఎక్కువ వెలుగు. ఓ మోస్తరు పెరటి టెలిస్కోప్‌తో కంటికి కనిపించే స్థాయి.

అది ఉన్న చోటు తెలుగువాళ్లకు సులువుగా దొరుకుతుంది. పెళ్లిలో కొత్త దంపతులకు చూపించే అరుంధతి దగ్గర మొదలుపెట్టాలి. సప్తర్షి మండలం తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, దాన్ని అంటిపెట్టుకుని అరుంధతి, చివరి చుక్క మరీచి. వసిష్ఠ, మరీచి నక్షత్రాలను ఒక భుజంగా తీసుకుని ఉత్తరం వైపు సమబాహు త్రిభుజం ఊహిస్తే మూడో మూల దగ్గర ఎం101 ఉంటుంది. వసిష్ఠుడి నుంచి వరసగా నాలుగైదు మసక చుక్కలు అటువైపు దారి చూపిస్తాయి. టెలిస్కోప్ పక్కన గురిచూసుకోవడానికి ఉండే ఫైండర్‌లో ఆ వరస పట్టుకుని పోతే చాలు.

నేను అనంతపురం జిల్లాలో, ఊరి దీపాలకు కాస్త ఎడంగా ఉన్న ఒక డాబా మీద నుంచి ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ రకం టెలిస్కోప్‌తో చూశాను. అక్కడ ఒక వింత గమనించాను. ఎం101 వెలుగు చాలా విశాలంగా పరుచుకుని ఉంటుంది. మే నెల దుమ్ములో, దూరపు వీధి దీపాల వెలుగులో గెలాక్సీ ఆనవాలు కూడా కనబడలేదు. చుక్క మాత్రం స్పష్టంగా ఉంది. కోట్లాది నక్షత్రాల వెలుగంతా ఆకాశపు మసకలో కలిసిపోయి, వాటిలో చచ్చిపోతున్న ఒక్కటి మాత్రం సూదిమొనలా కళ్లకు ఆనింది. ఆ క్షణాన ఒళ్లు జలదరించిందంటే అతిశయోక్తి కాదు.

చూడటం ఒక ఎత్తు, కొలవడం ఇంకో ఎత్తు. కంటితో కొలవడానికి పటం కావాలి. 1911 నుంచి చర నక్షత్రాల పరిశీలనలు పోగుచేస్తున్న అమెరికన్ సంఘం, ఏఏవీఎస్ఓ, ఈ పటాలను ఉచితంగా ఇస్తుంది. అందులో పక్కనున్న మామూలు నక్షత్రాల మాగ్నిట్యూడ్లు ఉంటాయి. చుక్క పెడితే అది నక్షత్రమేమో అనిపిస్తుందని దశాంశ బిందువు తీసేసి 11.3ని 113 అని ముద్రిస్తారు. మన చుక్క కన్నా కొంచెం ఎక్కువ వెలుగున్న పోలిక నక్షత్రం ఒకటి, కొంచెం తక్కువది ఒకటి ఎంచుకోవాలి. 108కీ 116కీ మధ్య ఉందనుకోండి, దేనికి ఎంత దగ్గరగా ఉందో చూడాలి. సరిగ్గా సగంలో ఉంటే 11.2. మూడింటినీ చూపు మధ్యలోకి ఒకదాని తర్వాత ఒకటి తెచ్చుకుని, తొందరగా చూపు మార్చుకుంటూ పోల్చాలి. ఎర్ర చుక్కను తదేకంగా చూస్తూ ఉంటే అది ఉన్నదాని కన్నా ఎక్కువ వెలుగుగా అనిపించడం మొదలవుతుంది, అందుకే తొందర.

అన్నింటికన్నా కష్టం మనసుని పక్కన పెట్టడం. నిన్న 11.2 రాశాం, పెరుగుతోందని ఇంటర్నెట్‌లో అందరూ అంటున్నారు, కాబట్టి ఈరోజు 11.0 ఉండాలని కన్ను ముందే తీర్పు చెప్పేస్తుంది. అందుకని నా అంకె రాసేదాకా ఎవరి అంకెలూ చూడకూడదని నియమం పెట్టుకున్నాను. పరీక్ష పేపర్ దిద్దేటప్పుడు పేరు మూసేసి దిద్దినట్టు. తర్వాత నా అంకెలు మిగతావాళ్ల అంకెల మధ్య పెట్టి చూసుకుంటే ఒకటి రెండు దశాంశాలు అటూ ఇటూ ఉన్నాయి. ఆ తేడాతో పరవాలేదు. వందమంది అంచనాల్లో ఎవరి పొరపాట్లు వాళ్లవి కలిసి చాలావరకు కొట్టుకుపోతాయి.

టైమ్ రాయడంలో మన దేశానికి ఒక అదృష్టం ఉంది. ఈ పరిశీలనలన్నీ జూలియన్ దినం లెక్కలో, అంటే నెలలూ ఏళ్లూ లేకుండా రోజుల్ని వరసగా లెక్కబెట్టే పద్ధతిలో నమోదు చేస్తారు. ఆ దినం విశ్వ సమయం మధ్యాహ్నం 12కి, అంటే మనకు సాయంత్రం ఐదున్నరకి మారుతుంది. కాబట్టి పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా మన రాత్రి మొత్తానికీ ఒకటే జూలియన్ దినం. అర్ధరాత్రి తేదీ మారిందా లేదా అన్న తికమక మనకు ఉండదు.

ఇంతకీ ఈ అంకెలన్నీ ఏం చెబుతాయి? ఐఎక్స్ఎఫ్ విషయంలో మొదటి వారంలో వెలుగు పెరిగిన వేగమే ఒక పెద్ద ఆధారం. పేలిన నక్షత్రం చుట్టూ ఏమీ లేకపోతే వెలుగు ఒక రకంగా పెరుగుతుంది. చనిపోయే ముందు ఏళ్లలో అది తన పైపొరల్ని బయటికి కక్కి ఉంటే, పేలుడు వెళ్లి ఆ పదార్థానికి గుద్దుకుని అదనపు వెలుగు పుడుతుంది. ఇక్కడ జరిగింది రెండోదే. మొదటి రోజుల వర్ణపటాల్లోని (వెలుగును రంగులుగా విడదీసిన పటాల్లోని) సన్నని గీతలూ అదే చెప్పాయి. హబుల్, స్పిట్జర్ టెలిస్కోపుల పాత ఫొటోల్లో వెతికితే ఆ చోట ధూళి కమ్ముకున్న ఎర్ర మహాతార ఉంది. అది సుమారు వెయ్యి రోజులకొకసారి ఉబ్బుతూ తగ్గుతూ ఉండేదని కూడా తేలింది. మన దేశం నుంచి లడఖ్‌లోని హాన్లేలో ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోప్, మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోప్ ఈ కథలో మంచి పాత్రే పోషించాయి.

తర్వాత వచ్చేది వెలుగు పెద్దగా మారకుండా సాగే, మైదానం లాంటి దశ. విస్తరిస్తున్న హైడ్రోజన్ పొర చల్లబడుతూ, బయటి నుంచి లోపలికి పారదర్శకం అవుతూ వస్తుంది. ఆ దశ ఎన్నాళ్లు సాగిందన్న దాన్నిబట్టి నక్షత్రానికి ఎంత హైడ్రోజన్ మిగిలి ఉందో అంచనా కడతారు. ఐఎక్స్ఎఫ్ మెల్లగా తగ్గుతూ వచ్చి, 80 రోజులు దాటాక ఒక్కసారిగా జారింది. అక్కడి నుంచి దాన్ని వెలిగించేది పేలుడులో పుట్టిన రేడియోధార్మిక పదార్థం. నికెల్-56 ఆరు రోజుల అర్ధాయువుతో (అంటే ఉన్నదాంట్లో సగం మారిపోయే కాలం) కోబాల్ట్-56గా, అది 77 రోజుల అర్ధాయువుతో ఇనుముగా మారుతుంది. 1987ఎ లైట్ కర్వ్ చివర్లోని తోకభాగం సరిగ్గా ఆ కోబాల్ట్ లెక్క ప్రకారమే, వంద రోజులకు దాదాపు ఒక మాగ్నిట్యూడ్ చొప్పున తగ్గింది. ఆ తోక ఎంత ఎత్తున ఉందో చూసి, సూర్యుడి ద్రవ్యరాశిలో 7 శాతమంత నికెల్ పుట్టిందని లెక్కగట్టారు. కోటానుకోట్ల మైళ్ల అవతల ఎంత నికెల్ తయారైందో, రోజూ రాసిన ప్రకాశం అంకెల నుంచి తూకం వేసినట్టు చెప్పగలగడం నాకు ఇప్పటికీ మహాద్భుతం.

ఇప్పుడు నా వాదనకు అసలు ఆధారం. ఐఎక్స్ఎఫ్ తొలి వెలుగు భూమికి చేరింది మే 18న, విశ్వ సమయం సాయంత్రం ఆరు ఏడు గంటల ప్రాంతంలో అని అంచనా. మన గడియారంలో అది రాత్రి పదకొండున్నర, పన్నెండున్నర మధ్య. ఆ సమయానికి తెలుగు నేల మీద ఎం101 ఉత్తరాన మంచి ఎత్తులో, దాదాపు యాభై డిగ్రీల దగ్గర ఉంటుంది. మర్నాడు వైశాఖ అమావాస్య, కాబట్టి వెన్నెల బాధ కూడా లేదు. ఇటగాకి కనుక్కున్న క్షణానికీ మనకు రాత్రి పదకొండే, గెలాక్సీ ఇంచుమించు అదే ఎత్తులో ఉంది. ఆ పేలుడు మొదటి గంటలను చూడటానికి భూమి మీద అన్నిటికన్నా అనువైన చోట్లలో మనది ఒకటి.

ఆ గంటల విలువ ఎంతో 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. చైనా శాస్త్రవేత్తలు ముందుండి చేసిన ఆ పని అమెచ్యూర్లు మామూలుగా తీసుకున్న ఫొటోల మీద ఆధారపడింది. తొలి వెలుగు తర్వాత గంటన్నర లోపు ఫొటో కూడా వాటిలో ఉంది. చుక్క మొదట ఎర్రగా ఉండి, గంటల్లోనే నీలం వైపు తిరిగింది. నక్షత్రాన్ని కప్పిన ధూళిని పేలుడు వేడి తుడిచిపెట్టడం వల్లే అలా జరిగిందని వాళ్ల వివరణ. ఆ ఫొటోలు తీసినవాళ్లు సూపర్నోవా కోసం తీయలేదు. అందమైన గెలాక్సీ కదా అని తీశారు. తీసి, టైమ్‌తో సహా దాచుకున్నారు, అడిగినప్పుడు ఇచ్చారు. మన కాలేజీ డాబాల మీద పది చిన్న కెమెరాలు రోజూ ఇలాంటి ఓ ఇరవై గెలాక్సీలను ఫొటో తీస్తూ ఉంటే, అలాంటి రాత్రి మన దగ్గర ఏం దొరికేదో ఊహించండి. చుక్క దొరక్కపోయినా సరే, "11:10కి 16వ మాగ్నిట్యూడ్ దాకా ఏమీ లేదు" అన్న ఒక్క వాక్యం ఆ పరిశోధకులకు బంగారంతో సమానం.

రోబో టెలిస్కోపులు వచ్చాక ఇంకా మనుషులెందుకు అని నన్ను చాలామంది అడుగుతారు. అర్థమున్న ప్రశ్నే. ఆకాశాన్ని వరసగా ఫొటో తీస్తూ రోజుకు లక్షల మార్పులు పట్టే సర్వేలున్నాయి, చిలీలో అదే పనికి కట్టిన భారీ టెలిస్కోప్, రూబిన్ అబ్జర్వేటరీ మొదలైంది. కానీ రూబిన్ ఉన్న చోటు నుంచి ఎం101 దిక్చక్రం మీద ఆరు డిగ్రీలు కూడా లేవదు. పైగా అది మసక వస్తువుల కోసం కట్టిన కంటి లాంటిది, 11వ మాగ్నిట్యూడ్ చుక్క పడితే ఆ కెమెరా నిండిపోతుంది. దగ్గరి సూపర్నోవాలు ఎక్కువ వెలుగుగా ఉండటమే పెద్ద టెలిస్కోపులకు ఇబ్బంది, చిన్నవాటికి వరం. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒక సర్వే తిరిగి అదే చోటుకు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇక్కడ కావలసింది గంటలు. భూమి చుట్టూ అన్ని రేఖాంశాల మీదా ఎవరో ఒకరు మేలుకుని ఉంటే తప్ప ఆ గంటలు పూడవు.

అర్జెంటీనాలోని రొసారియోలో విక్టర్ బూసో చేసింది చూడండి. ఆయన తాళాలు బాగుచేసే పనివాడు. 2016 సెప్టెంబరు 20న తన ఇంటి మీద 40 సెంటీమీటర్ల టెలిస్కోప్‌కి కొత్త కెమెరా బిగించి పరీక్షించడానికి ఎన్‌జీసీ 613 గెలాక్సీని వరసగా ఫొటోలు తీశాడు. మొదటి ఫొటోల్లో లేని చుక్క తర్వాతి వాటిలో వచ్చి, కళ్ల ముందే పెరిగింది. ఆఘాత తరంగం బయటపడే ఘడియ అది. ఆ పరిశోధనకు వెన్నెముక ఏమిటంటే, చుక్క లేని ఆ మొదటి ఫొటోలు. ముందు లేదని రుజువు ఉండబట్టే తర్వాతి పెరుగుదలకు అర్థం వచ్చింది.

మనకు వానాకాలం అడ్డమన్నది నిజమే. జూన్ మొదట్లో ఏరువాక పున్నమి వెన్నెల్లో నా అంచనాలు కాస్త తడబడ్డాయి, ఆరుద్ర కార్తె వచ్చేసరికి మబ్బులు ఆకాశాన్ని మూసేశాయి. ఐఎక్స్ఎఫ్ జారిపోయిన ఆగస్టు రోజులు నా పుస్తకంలో లేవు. హాన్లే వానలకు దూరంగా ఎడారిలో ఉంది కాబట్టి దానికి కొంత వీలు. మిగతాది ఇతర దేశాల వాళ్లు పూరించారు. శీతాకాలంలో, ఎండాకాలంలో వాళ్లకు మబ్బులున్నప్పుడు పూరించాల్సింది మనం. ఈ పనిలో ఒకరికొకరు బాకీ ఉంటారు.

ఈ పని మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. మాగ్నిట్యూడ్‌కీ మాగ్నిట్యూడ్‌కీ మధ్య 2.512 రెట్ల తేడా అని 1856లో ప్రతిపాదించిన నార్మన్ పాగ్సన్, 1861 నుంచి చనిపోయేదాకా మద్రాసు అబ్జర్వేటరీని నడిపాడు. అక్కడ ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులి అనే చర నక్షత్రాన్ని కనుక్కున్నాడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించి 1874 శుక్ర సంక్రమణాన్ని (శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని) పరిశీలించాడు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ ప్రపంచ నక్షత్ర పటం తయారీలో తన వాటా ఆకాశాన్ని ఏళ్ల తరబడి కొలిచింది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకు వైనూ బప్పు కుర్రతనంలోనే చర నక్షత్రాల పరిశీలనలు చేసి ప్రచురించాడు. వీళ్లందరి పనిలో నాకు ఉమ్మడిగా కనిపించేది విసుగు లేకుండా కొలవడం.

కాబట్టి నేను అడిగేది పెద్ద టెలిస్కోప్ కాదు. ఫిజిక్స్ డిగ్రీ ఉన్న ప్రతి కాలేజీలో ఓ ఆరంగుళాల టెలిస్కోప్, ఒక సాధారణ కెమెరా, ఒక మందపాటి రిజిస్టర్ ఉండాలి. పిల్లలు వంతులవారీగా రోజూ చూడాలి. చూసినది, చూడనిది, మబ్బు వల్ల కుదరనిది, మూడూ వేరువేరుగా రాయాలి. "లేదు" అన్నదీ "చూడలేదు" అన్నదీ రిజిస్టర్‌లో ఒకటిగా కలిసిపోతే ఆ రిజిస్టర్ పనికిరాదు. ప్రాక్టికల్స్ మార్కుల్లో కొన్నైనా దీనికివ్వాలి. కొత్తది కనుక్కున్నందుకు మార్కులు వద్దు, అది అదృష్టం. వరసగా రాసినందుకు ఇవ్వాలి.

టెలిస్కోప్ కూడా లేనివాళ్లు ఆరుద్ర నక్షత్రంతో (ఇంగ్లీషులో బీటెల్‌జూస్) మొదలుపెట్టవచ్చు. 2019 చివర్లో అది మసకబారి, 2020 ఫిబ్రవరికి 1.6 మాగ్నిట్యూడ్ దగ్గరికి దిగజారినప్పుడు పేలిపోతుందేమోనని ప్రపంచమంతా కంగారుపడింది. అది కక్కిన ధూళి వల్ల అలా జరిగిందని తర్వాత తేలింది. ఆ మసకబారడం అసాధారణమని అంత ధీమాగా చెప్పగలిగారంటే, అంతకు ముందు దశాబ్దాల తరబడి ఎవరెవరో తమ డాబాల మీద నుంచి దాని వెలుగు రాసిపెట్టినందువల్లే. డిసెంబరు నుంచి మార్చి దాకా మనకు హాయిగా కనబడుతుంది. రోహిణి 0.9, పునర్వసులో వెలుగు ఎక్కువున్న పోలక్స్ 1.1, కుక్కపిల్ల రాశిలోని ప్రోసియాన్ 0.4. ఆరుద్ర వీటిలో దేనికి దగ్గరగా ఉందో చూసి ఒక అంకె వేయండి. పోల్చే నక్షత్రం ఆరుద్ర ఉన్న ఎత్తులోనే ఉండేలా చూసుకోండి, కిందికి ఉన్నదాన్ని దుమ్ము మింగేస్తుంది. వారానికి ఒక అంచనా చాలు. తేదీ, టైమ్, అంకె, ఏ రెండు నక్షత్రాలతో పోల్చారో, వెన్నెల ఉందా లేదా, ఇంతే రాయాలి. ఏఏవీఎస్ఓ సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఆ అంకెలు నేరుగా వాళ్ల దగ్గరికే పంపవచ్చు.